ఉపన్యాసంలో దొర్లిన తప్పును శ్రోత ఎత్తిచూపితే ఎలా దిద్దుకోవాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):

ఎనిమిది నెలలుగా మా వీధి రామాలయంలో శనివారం సాయంత్రాలు రామాయణం చెబుతున్నాను. నేను సంస్కృత పండితుణ్ణి కాను. బ్యాంకు ఉద్యోగ విరమణ తర్వాత తాత్పర్య సహిత గ్రంథాలు ముందు పెట్టుకొని, అర్థమైనంత మేరకు నలభై యాభై మందికి చెబుతున్నాను. పోయిన వారం సేతుబంధనం చెబుతూ, ఉడుత ఒళ్లంతా ఇసుక అంటించుకొని వచ్చి వారధి మీద దులపడం, రాముడు దాని వీపు నిమరడం వర్ణించి, ‘అని వాల్మీకి మహర్షి సెలవిచ్చారు’ అన్నాను. హారతి ఇవ్వబోతుండగా ముందు వరుసలోని ఒక పెద్దాయన లేచి, ‘ఏ సర్గలో నాయనా?’ అని అడిగారు. నాకు జవాబు తెలియదు. ‘సంప్రదాయంలో ఉందండీ’ అని దాటవేశాను. ఆయన మరేమీ అనకుండా కూర్చున్నారు. ఆ మౌనమే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఇంటికి వచ్చి యుద్ధకాండ 22వ సర్గ ఆసాంతం చదివాను. నలుడి ఆధ్వర్యంలో వానరులు మొదటి రోజు 14 యోజనాలు, తర్వాత వరుసగా 20, 21, 22, 23 యోజనాలు కట్టి, అయిదు రోజుల్లో నూరు యోజనాల సేతువు పూర్తి చేసిన లెక్క ఉంది గాని ఉడుత మాత్రం లేదు. ఈ సంగతి వచ్చే శనివారం అందరి ముందు చెప్పాలా? ‘చెబితే పిల్లలకు కథ మీదే గురి పోతుంది, వదిలేయండి’ అని ఆలయ కమిటీ పెద్దలు అంటున్నారు.

జవాబు 1 (విజయవాడ, సత్యనారాయణపురం):

తప్పక చెప్పండి. ఆ మండపంలోనే, ఆ మైకులోనే చెప్పండి. నలుగురిలో అన్న మాటను ఇంట్లో దిద్దుకుంటే అది దిద్దుబాటు కాదు. అయితే ఉడుతను వదులుకోవలసిన పని లేదు. 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రచించిన రంగనాథ రామాయణంలో ఆ కథ ఉంది. అది మన తెలుగువారి సొత్తు. దాన్ని వాల్మీకి ఖాతాలో జమ వేయడమే పొరపాటు. బ్యాంకులో పనిచేసిన మీకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

నేను గీత చెప్పేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. నోటు పుస్తకంలో ప్రతి మాట పక్కన అది మూలమా, భాష్యమా, నేను విన్నదా అనేది ఒక్క అక్షరంతో గుర్తు వేసుకుంటాను. మొదటి నెల ఆ గుర్తులు లెక్కపెట్టి చూసుకుంటే సగానికి పైగా ‘వి’లే ఉన్నాయి. మూలం చెబుతున్నాననుకుంటూ అంతకాలం నేను చెప్పింది ఎక్కువగా వినికిడి మాటలే.

జవాబు 2 (గుంటూరు):

అయ్యా, నేను చర్చిలో సండే స్కూలు పిల్లలకు బోధిస్తాను. ఒక క్రిస్మసు ముందు, బాలయేసును చూడవచ్చినవారు ‘ముగ్గురు జ్ఞానులు’ అని చెబుతుంటే ఏడో తరగతి పిల్ల, ‘ముగ్గురని ఎక్కడుంది టీచర్?’ అని అడిగింది. మత్తయి సువార్త 2వ అధ్యాయంలో బంగారము, సాంబ్రాణి, బోళము అని మూడు కానుకలు కనిపిస్తాయి గాని, జ్ఞానులు ఎంతమంది అన్న సంఖ్య లేదు. మరుసటి ఆదివారం ఆ పిల్ల చేతనే అధ్యాయం పైకి చదివించాను. మీ కమిటీ పెద్దలు భయపడుతున్నట్లు ఎవరి గురీ పోలేదు. ఆ రోజు నుంచి పిల్లలు బైబిలు తెరిచి పెట్టుకొని మరీ వింటున్నారు.

అడిగే తీరు గురించి కూడా ఒక మాట. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో అనే గొప్ప వక్త బోధలో కొరత ఉందని ప్రిస్కిల్ల, అకుల గ్రహించి, సభలో ఆపకుండా, తమ దగ్గరకు చేర్చుకొని మరింత వివరంగా తెలియజెబుతారు. మీ పెద్దాయన అందరిలో అడిగినా ఒక్క ప్రశ్నతో ఊరుకున్నారంటే, ఆయన మీ పరువు కూడా కాపాడారని నాకు అనిపిస్తోంది.

జవాబు 3 (విజయవాడ):

నేను చెప్పేదాన్ని కాదు, వినేదాన్ని. లేచి అడిగేవారి విమర్శ మీకు అందుతుంది. మాట్లాడకుండా వెళ్లిపోయేవారి సంగతి కూడా ఆలోచించండి. ఒకచోట శబరి కథ చెబుతూ వక్త ‘తక్కువ జాతిలో పుట్టినా రాముడు కరుణించాడు’ అని మూడుసార్లు అన్నారు. రోజూ నా వెనక కూర్చునే అమ్మాయి ఆ మర్నాటి నుంచి రాలేదు. చెప్పుల స్టాండు దగ్గర ఆయనకు ఈ మాట చెబితే, ‘ఉన్నదే చెప్పానమ్మా’ అన్నారు. అరణ్యకాండ 74వ సర్గ తీసి చూడండి. శబరి అక్కడ తాపసి, మతంగ మహర్షి ఆశ్రమంలో గురువులను సేవించిన సిద్ధురాలు. తపస్సు సాగుతున్నదా అని రాముడే ఆమెను కుశలం అడుగుతాడు. పంపాతీరంలో సేకరించిన ఫలాలు ఉన్నాయి గాని, ఎంగిలి ముచ్చట కూడా అందులో లేదు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత:

అందరికీ నమస్కారం. శనివారం మొదటి అయిదు నిమిషాలు అదే పనికి కేటాయించాను. 22వ సర్గలోని లెక్క చదివి, ఉడుత బుద్ధారెడ్డి గారి ద్విపదలోదని, నేను పొరపాటుగా వాల్మీకికి ఆపాదించానని చెప్పాను. గొంతు కాస్త వణికింది. పెద్దాయన చివరిదాకా ఉండి, పాత దినపత్రికలో చుట్టిన రంగనాథ రామాయణం ప్రతి నా చేతిలో పెట్టి, ‘చదివి ఇవ్వండి, తొందరేం లేదు’ అన్నారు.

మూడో జవాబు రాసిన అమ్మగారూ, మీ మాట చదివాక ఫోనులో ఉన్న నా పాత రికార్డింగు విన్నాను. శబరి ఘట్టంలో నేనూ ‘ఎంత తక్కువ పుట్టుకైనా’ అన్నాను, ఒకటి కాదు, రెండుసార్లు. ఆనాడు ఎవరూ లేచి అడగలేదు. వచ్చే శనివారం యుద్ధకాండ ఆపి, 74వ సర్గ మళ్లీ చదువుదామనుకుంటున్నాను. క్షమాపణ చెప్పబోయి ఆ మాటనే మరోసారి వల్లించినట్లు కాకుండా ఎలా మొదలుపెట్టాలో, వినేవారి వైపు నుంచి మీరే చెప్పాలి.