న్యూరాన్లలో నాట్ ప్రోటీన్ తగ్గించినా క్లాస్ 3 లాంటి ముళ్లు రావట్లేదు, ఎందుకు?

డ్రోసోఫిలా (పండ్ల ఈగ) లార్వాలో డీఏ న్యూరాన్ల (చర్మం కింద కొమ్మలుగా విస్తరించే నరాల కణాలు, కొమ్మల తీరును బట్టి క్లాస్ 1 నుంచి 4 దాకా ఉంటాయి) మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం హెల్ప్ చేయండి. కట్ ప్రోటీన్ (కొమ్మలు, ముళ్లు పెరిగేలా జీన్లను నడిపేది) క్లాస్ 1లో ఉండదు, 2లో తక్కువ, 3లో బాగా ఎక్కువ, 4లో మధ్యస్థం కదా, అయినా క్లాస్ 4కే కొమ్మలు ఎక్కువ, దానికి నాట్ (క్లాస్ 4లో ఉండే, జీన్లను నడిపే మరో ప్రోటీన్) ముఖ్య కారణం అని చదివా, సరే. ఇప్పుడు పీపీకే-గాల్4 (క్లాస్ 4లో మాత్రం మనం పెట్టిన జీన్‌ని ఆన్ చేసే డ్రైవర్)తో నాట్ ఆర్‌ఎన్‌ఏఐ (ఆ జీన్ పనిని తగ్గించే పద్ధతి) ఇస్తే కొమ్మలైతే తగ్గాయి గానీ క్లాస్ 3లో ఉండే పొట్టి ముళ్లు మాత్రం కనబడట్లేదు, కట్ ఇంకా ఉంది కదా మరి రావాలిగా? డ్రైవర్ లేటుగా ఆన్ అవుతోందేమో అని నా డౌటు. 29 డిగ్రీల్లో పెంచితే గాల్4 గట్టిగా పనిచేస్తుంది కానీ లార్వాలు కూడా తొందరగా పెరిగిపోతాయి, స్టేజ్ మ్యాచ్ చేయడం పెద్ద తలనొప్పి. ఆర్‌ఎన్‌ఏఐని గట్టిపరిచే డైసర్-2 కలపాలా, లేక మ్యుటెంట్ క్లోన్లే (నాట్ జీన్ పూర్తిగా పోయిన విడి కణాలు) చేయాలా? ఏది ముందు ట్రై చేయమంటారు?