స్ట్రెయిట్ పూల్: పదిహేనో బాల్ ట్రయాంగిల్ జాగల ఆగితే యాడ పెట్టాలె?

మిర్యాలగూడ ఎడమచెయ్యి, రాత్రి 11:48

అన్నలూ, ఎవరన్న మేల్కొని ఉంటే జెర చెప్పుండ్రి. తొమ్మిదింటికి ఆగిన ఆట ఇప్పటిదాంక కదల్లే. నేను, మా బావ స్ట్రెయిట్ పూల్ ఆడుతున్నం, పడ్డ ఒక్కో బాల్‌కు ఒక పాయింటు, 100 పాయింట్లకు. నాది 71, ఆయనది 64. పద్నాలుగు బాల్స్ అయిపోయినయ్, వాటిని మళ్ల ట్రయాంగిల్‌ల పేర్చాలె. మిగిలిన ఒక్క బాల్ సరిగ్గ ట్రయాంగిల్ పెట్టే జాగల ఆగింది. దాన్ని తీసి యాడ పెట్టాలె? ఫుట్ స్పాట్ (ట్రయాంగిల్ పెట్టే దిక్కు గుర్తు) అని నేను, కాదు హెడ్ స్పాట్ (ఆట మొదలువెట్టి కొట్టే దిక్కు గుర్తు) అని బావ. టేబుల్ నడిపే అన్న వచ్చి ఇద్దరిదీ తప్పే, నడిమి స్పాట్ అన్నడు. ఫోన్ల వెతికి వెతికి కండ్లు గుంజుతున్నయ్. ఒక్కో వీడియోల ఒక్కో తీరు చెప్తున్నరు. మాకు ఆదివారం ఒక్కరోజే ఆడ వీలైతది, అది గూడ గిట్ల పోయింది. మూడింట్ల ఏది కరెక్టో ఒక్క ముక్కల చెప్పుండ్రి.

చాక్ ముక్క, 11:53

వైట్ (క్యూతోటి కొట్టే తెల్ల బాల్) యాడుండె?

పచ్చ క్లాత్, రాత్రి 12:05

తమ్మీ, యాడ పెట్టాలె అనేది తర్వాత. అసలు బాల్ ట్రయాంగిల్ జాగల ఉన్నదని ఎట్ల తేల్చిన్రు? టేబుల్ మీద గీత ఉన్నదా? కంటి అంచనాతోటి చెప్తే అది రూల్ కాదు, నమ్మకం. ఈ ఆటల ట్రయాంగిల్ బయటి అంచు వెంబడి క్లాత్ మీద సన్నగ పెన్సిల్ గీత గియ్యాలె. బాల్ ఆ గీత లోపల ఉన్నా, గీత మీదికి కొంచెం వచ్చినా అడ్డమే. గీత బయట వెంట్రుకవాసి దూరంల ఉంటే అడ్డం కాదు, ఉన్నకాడనే ఉండాలె. 57 మిల్లీమీటర్ల బాల్‌కు పైనుంచి చూస్తే ఒక తీరు, పక్కనుంచి చూస్తే ఒక తీరు కనవడ్తది. నేను నల్లగొండల క్లాక్ టవర్ దిక్కు ఆడినప్పుడు గీత లేక రెండు ఆటలు చెడిపోయినయ్. మూడోసారి నేనే పెన్సిల్ వట్టుకపోయిన. ఓనర్‌ను అడిగి, ట్రయాంగిల్‌ను ఫుట్ స్పాట్‌కు సరిగ్గ కూసోవెట్టి, కదలకుంట ఇంకొకరితోటి పట్టించి గీసినం. పెన్నుతోటి, స్కెచ్‌తోటి గియ్యొద్దు, క్లాత్ పాడైతది. ఇంకొక మాట, పద్నాలుగో బాల్ కొట్టకముందే రెఫరీని అడగొచ్చు, ఆ పదిహేనోది లోపలా బయటా అని. కొట్టినంక లొల్లి వెట్టుకునుడు ఎందుకు?

రిటైర్డ్ బ్లాక్ స్పాట్, 12:20

మీరందరూ వాడుతున్న పదాలే గందరగోళానికి మూలం. నేను ముప్పై ఏళ్లు స్నూకర్ ఆడాను. 1875లో మన జబల్‌పూర్‌లో పుట్టిన ఆట అది, దాని పదాలు మనకు తాతల నుంచి ఉన్నాయి. బాక్ లైన్ (ఆట మొదలుపెట్టే వైపు గీత) అనండి, డి అనండి, బ్రౌన్ స్పాట్ అనండి, ఎవరికైనా అర్థమవుతుంది. ఈ హెడ్, ఫుట్ ఏమిటి? ఇక ప్రశ్నకు వస్తే, ఒక బంతిని దాని స్పాట్ మీద పెట్టడానికి వీలు లేకపోతే ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ విలువ గల బంతి స్పాట్ మీద పెట్టాలి. ఆ లెక్కన మీ టేబుల్ యజమాని చెప్పిన మధ్య స్పాటే సబబుగా ఉంది.

చాక్ ముక్క, 12:22

అది స్నూకర్ల రంగు బాల్స్‌కు సార్. దీనికి కాదు. వైట్ యాడుండె?

మిర్యాలగూడ ఎడమచెయ్యి, 12:31

వైట్ దూరంగనే ఉండె అన్నా, పైన. అడ్డం ఉన్నది వైట్ కాదు గదా, దానితోటి పనేమున్నది? నేనడిగింది పదిహేనో బాల్ సంగతి. గీత లేదు గానీ ట్రయాంగిల్ పెట్టి చూసినం, బాల్‌కు తగుల్తున్నది. అండ్ల అనుమానం లేదు.

చాక్ ముక్క, 12:33

పైన అంటే ఏ దిక్కు?

రిటైర్డ్ బ్లాక్ స్పాట్, 12:41

పైన అంటే స్నూకర్‌లో నల్ల బంతి ఉండే కొస. బాక్ ఉన్న కొస కింద. ఇందులో రెండో అర్థానికి చోటు లేదు.

పచ్చ క్లాత్, 12:46

సార్, పూల్ ఆడెటోళ్లకు అది తలకిందులు. మేము బ్రేక్ కొట్టే దిక్కు తల, ట్రయాంగిల్ పెట్టే దిక్కు కాళ్లు. ఫుట్ స్పాట్ అనే పేరే అందుకు. మీ లెక్కన పైన అంటే వైట్ ట్రయాంగిల్ కాడ ఉన్నట్టు, మా లెక్కన బ్రేక్ కొట్టేకాడ ఉన్నట్టు. తమ్ముడు ఏ లెక్కన అన్నడో ఆయనకే ఎరుక.

రిటైర్డ్ బ్లాక్ స్పాట్, 12:52

అందుకే నేను మొదటి నుంచీ చెబుతున్నాను, పదాలు ఒక్కటిగా ఉండాలని.

పాలమూరు క్యూ, 1:10

తమ్ముడూ, మీ ముగ్గురు చెప్పినవీ మూడు వేర్వేరు సందర్భాలల్ల నిజమే. అందుకే ఆ అన్న మొదటి నుంచి వైట్ గురించి అడుగుతున్నడు. ఈ ఆటల పదిహేనో బాల్ ఎటు పోవాలె అనేది వైట్‌ను చూసే తేలుతది. నేను మెట్టుగడ్డ దిక్కు పిల్లలకు ఆడించేటప్పుడు గోడకు రాసి పెట్టిన, ఇక్కడ గూడ చెప్త.

పదిహేనోది ట్రయాంగిల్ జాగల ఉండి, వైట్ యాడనో బయట ఉన్నదనుకో. అప్పుడు పదిహేనోది హెడ్ స్పాట్ మీదికి పోతది, వైట్ కదలదు. మీ బావ చెప్పింది ఇదే. అదే వైట్ హెడ్ స్పాట్ మీద కూసుంటే అక్కడ జాగ లేదు గనుక పదిహేనోది టేబుల్ నడిమి స్పాట్ మీదికి పోతది. టేబుల్ అన్న మాట అప్పుడు కరెక్టు. రెండూ ట్రయాంగిల్ జాగలనే ఇరుక్కుంటే పదిహేనోది ఫుట్ స్పాట్ మీదికి, అంటే పదిహేను బాల్స్‌తోటి నిండు ట్రయాంగిల్ అయితది, వైట్ చేతికొస్తది. హెడ్ గీత (హెడ్ స్పాట్ మీదుగ టేబుల్‌కు అడ్డంగ పోయే గీత) వెనక నీ ఇష్టమున్నకాడ పెట్టుకొని కొట్టొచ్చు. నువ్వు చెప్పింది ఇది.

ఇప్పుడు తిరగేసి చూడు. పదిహేనోది బయట ఉండి, వైట్ ట్రయాంగిల్ జాగల ఇరుక్కున్నదనుకో. పదిహేనోదాన్ని ముట్టుకోవద్దు, కదిలేది వైట్. పదిహేనోది హెడ్ గీతకు ఇవుతల ఉంటే వైట్ నీ చేతికొస్తది, గీత వెనక పెట్టుకుంటవు. పదిహేనోది గీత వెనకనే ఉంటే వైట్‌ను హెడ్ స్పాట్ మీద పెడ్తరు. ఎందుకంటే చేతిల వైట్ ఉన్నప్పుడు గీత వెనక ఉన్న బాల్‌ను నేరుగ కొట్టనియ్యరు, అట్లయితే నీకు కొట్టనీకి ఆ బాల్ ఉండీ లేనట్టే. పదిహేనోది హెడ్ స్పాట్ మీదనే ఉంటే వైట్ నడిమి స్పాట్‌కు పోతది. పద్నాలుగోదానితోటి పాటు పదిహేనోది గూడ పాకెట్లవడితే పదిహేనూ పేర్చాలె, వైట్ ఉన్నకాడనే ఉంటది. వైట్ గూడ ట్రయాంగిల్ జాగలనే ఉంటేనే అది చేతికొస్తది.

హెడ్ గీత యాడున్నదో గూడ కొలిచి చూసుకోండ్రి. తొమ్మిది అడుగుల టేబుల్ ఆట జాగ 100 అంగుళాలు, బ్రేక్ కొట్టే దిక్కు కుషన్ నుంచి 25 అంగుళాలకు గీత. ఎనిమిది అడుగులదైతే 88 అంగుళాలు, 22కు గీత. స్నూకర్ టేబుల్ బాక్ లైన్ 29 అంగుళాల లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇంకొకటి అడగాలె. పద్నాలుగోది నువ్వు చెప్పిన పాకెట్లనే పడ్డదా? వైట్ పడలే గదా? ఫౌల్ అయితే ట్రయాంగిల్ ముచ్చటే రాదు. నీకు ఒక పాయింటు పోతది, పడ్డ బాల్ తిరిగి ఫుట్ స్పాట్ మీదికొస్తది.

రిటైర్డ్ బ్లాక్ స్పాట్, 1:24

అమ్మా, వివరంగా చెప్పారు. ఒక సందేహం. ఫుట్ స్పాట్ మీద అప్పటికే వేరే బంతి ఉంటే?

పాలమూరు క్యూ, 1:31

దాని వెనక సార్, ఫుట్ స్పాట్ నుంచి ఆ దిక్కు కుషన్ నడుమకు గీసినట్టున్న వరుసల, ముందున్న బాల్‌కు ఆనిచ్చి పెట్టాలె. ముందున్నది వైట్ అయితే మాత్రం ఆనియ్యొద్దు, తగలకుంట ఎంత దగ్గరికి వీలైతే అంత. ఆ వరుస మొత్తం నిండిపోతే ఫుట్ స్పాట్‌కు ముందర, నడిమి స్పాట్ దిక్కు.

సూర్యాపేట సింగిల్ పాకెట్, ఉదయం 6:15

ఇదంత చదివినంక ఒక మాట చెప్పాలనిపించింది. ఈ ఒక్క బాల్‌ను మిగిలిచ్చుడు ఎందుకు అనేది తెలిస్తే రూల్ దానంతటదే గుర్తుంటది. ముందుగాల ఈ ఆటల పదిహేనూ అయిపోయినంక పదిహేనూ పేర్చెటోళ్లు. అట్ల పేర్చినంక ఎవ్వరూ దాన్ని పగలగొట్టనీకి తెగించకపోయేది, ఇద్దరూ దాచుకునే ఆటనే ఆడేది. 1910ల జెరోమ్ కియో అనే ఆటగాడు, ఆఖరుది వదిలిపెట్టి పద్నాలుగు పేర్చుదం, ఆ ఒక్కదాన్ని కొడుతూనే వైట్‌తోటి ట్రయాంగిల్‌ను చెదరగొట్టొచ్చు అని చెప్పిండు. గందుకే ఆట ఆగకుంట నడుస్తది. 1954ల విల్లీ మోస్కోనీ వరుసగ 526 కొట్టిండంటే, 2019ల జాన్ ష్మిట్ 626, 2022ల జేసన్ షా 714 కొట్టిన్రంటే ఆ ఒక్క బాల్ పుణ్యమే. నేను రోజు ఆ ఒక్క షాటే అరగంట కొట్టుకుంట. ట్రయాంగిల్ పక్కన బాల్ పెట్టుకొని, వైట్ యాడికి పోతదో చూసుకుంట. ఇప్పటికి నా పెద్ద రన్ 31.

చాక్ ముక్క, 7:02

వైట్ యాడుండెనో ఇంకా చెప్పలే.

మిర్యాలగూడ ఎడమచెయ్యి, 9:40

నిద్రవోయిన, ఇప్పుడే చూస్తున్న. అక్కా, షాట్ మంచిగనే పడ్డది, ఫౌల్ కాదు. వైట్ బ్రేక్ కొట్టే దిక్కు ఉండె, హెడ్ స్పాట్ కాడనే. స్పాట్ మీద అని చెప్పరాదు, కొంచెం పక్కకు. సగం స్పాట్ కనవడ్తుండె అంటడు బావ. నాకైతే యాది లేదు. అప్పుడు వైట్‌తోటి పని లేదనుకొని చూడనే లేదు.

పాలమూరు క్యూ, 10:05

స్పాట్ కనవడ్తుందా లేదా అనేది కాదు తమ్ముడూ. హెడ్ స్పాట్ మీద ఇంకొక బాల్ పెట్టవోతే వైట్ అడ్డం వస్తే, వైట్ స్పాట్ మీదున్నట్టే లెక్క. నువ్వు చెప్పినట్టు సగం స్పాట్‌ను వైట్ కప్పితే అక్కడ ఇంకో బాల్ కూసోదు. అట్లయితే నడిమి స్పాట్.

పచ్చ క్లాత్, 10:20

వైట్ జాగ ఎవ్వరికి యాది లేనప్పుడు ఇది తేలెటట్టు లేదు. బాల్స్ కదలకముందే ఫోన్ల ఒక ఫొటో తీసుకునేది ఉండె. మీ టేబుల్ మీద హెడ్ స్పాట్‌కు గుర్తు ఉన్నదా, లేక అది గూడ అంచనానేనా?

మిర్యాలగూడ ఎడమచెయ్యి, 1:15

స్పాట్ గుర్తు ఉన్నది అన్నా, చిన్న నల్ల స్టిక్కర్. బాల్స్ రాత్రే ట్రేల వేసేసినం. బావకు ఇదంత చదివి వినిపిచ్చిన, 71, 64 నుంచే వచ్చే ఆదివారం పదిహేను పేర్చి మొదలువెడుదమన్నడు. థాంక్స్ అక్కా, అందరికీ.

రిటైర్డ్ బ్లాక్ స్పాట్, 1:50

71, 64 నుంచి పదిహేను పేర్చి మొదలుపెడితే బ్రేక్ ఎవరిది? ఆగిన సమయానికి ఆట ఈ అబ్బాయి చేతిలోనే ఉంది కదా?