గంజాయి అమ్మినవాడికి జైలు బదులు సమాజ సేవ: మన కోర్టులు ఇవ్వగలవా, ఇవ్వాలా?

మూసీగట్టు:
హైదరాబాద్ ధూల్‌పేటలో 700 గ్రాముల గంజాయి పొట్లాలతో 20 ఏళ్ల కుర్రాడు దొరికాడనుకుందాం. అమ్ముతూనే దొరికాడు, పాత కేసుల్లేవు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1995 శిక్షల చట్టం కింద దోషిని 6 నుంచి 24 నెలలు పర్యవేక్షణలో బయటే ఉంచే ఉత్తర్వు ఉంది. మనకూ 2024 జులై 1 నుంచి సమాజ సేవ శిక్ష వచ్చింది కదా, ఇతనికి ఎందుకు ఇవ్వకూడదు?

నాంపల్లి_వకీలు:
ఇవ్వలేరు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ శిక్ష కొన్ని నేరాలకే ఉంది: 5,000 రూపాయల లోపు తొలి దొంగతనం, తాగి బహిరంగంగా అల్లరి, పరువునష్టం వంటివి. గంజాయి కేసులు నడిచే మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలో అది లేదు. పైగా ఆ చట్టం 33వ సెక్షన్ ప్రొబేషన్‌నీ, అంటే జైలుకు పంపకుండా షరతులతో పర్యవేక్షణలో వదలడాన్నీ, ఆపేసింది. 18 నిండనివారికి, 26, 27 సెక్షన్ల కేసులకే మినహాయింపు. 26 లైసెన్సుదారుల తప్పులకు, 27 వాడకానికి, ఇలాంటి అమ్మకానికి కాదు.

అలాగని జైలు తప్పనిసరీ కాదు. కిలో లోపు గంజాయికి ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. కిలో దాటితే పదేళ్ల వరకు వేయొచ్చు, కనీస శిక్ష మాత్రం లేదు. 20 కిలోలు దాటితేనే కనీసం పదేళ్లు.

పెద్దబజార్:
ఆ కిలో లెక్క అమ్మేవాళ్లకి మనకంటే బాగా తెలుసండీ. చేతిలో అరకిలో, మిగతా సరుకు ఇంకోచోట. బరువు తక్కువని మనిషిని చిన్నవాడిగా చూస్తే వీధిలో పిల్లల సంగతేంటి?

నాంపల్లి_వకీలు:
ఆ భయం నిజమే. దానికి 29వ సెక్షన్ ఉంది, కుట్ర. కాల్ డేటా, యూపీఐ చెల్లింపులు తవ్వి పైవాడిని పట్టాలి. కుర్రాడి శిక్ష పెంచితే సరుకు పంపినవాడు దొరకడు.

నా అభ్యంతరం వేరే. రిమాండ్‌లో గడిపిన రోజులనే శిక్షగా లెక్కేసి వదిలేయొచ్చు. అలా బయటికొచ్చాక అతన్ని అడిగే అధికారి ఉండడు, హాజరు ఉండదు, చికిత్స ఉండదు. అదే ప్రొబేషన్ అయితే ఇవన్నీ ఉంటాయి, తప్పితే జైలు. మెత్తగా కనిపించేదే నిజానికి గట్టి పట్టు.

మూసీగట్టు:
అతను తానే అలవాటుపడి ఉంటే?

నాంపల్లి_వకీలు:
అప్పుడు 39వ సెక్షన్ దారి ఉంది, 27 కింద వాడకం కేసులకు, స్మాల్ క్వాంటిటీ (గంజాయైతే కిలో వరకు) కేసులకే. అతని సమ్మతితో, బాండ్ రాయించుకుని, ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు పంపుతారు. ఏడాదిలోపు వైద్య నివేదిక కోర్టుకి రావాలి. అది బాగుంటే మందలించి, మూడేళ్ల వరకు నేరం చేయనని మరో బాండ్ తీసుకుని వదలొచ్చు.

చిక్కేమిటంటే వ్యసనాన్ని రుజువు చేయాలి. తీర్పు నాటికి మూత్ర పరీక్షలో ఏమీ మిగలదు. అందుకే రిమాండ్ రోజునే వైద్య పరీక్ష అడిగి, కాగితం ఫైల్‌లోకి చేర్చాలి. చాలామంది ఇది శిక్షపై వాదనలు వినే రోజున గుర్తు చేసుకుంటారు, అప్పటికి ఆలస్యం.

పెద్దబజార్:
వాడేవాడికి చికిత్స, సరే ఒప్పుకుంటా. వాడకుండా లాభానికే అమ్మేవాడికి ప్రొబేషన్ ఆపే 33వ సెక్షన్ అలాగే ఉండాలి.

నాంపల్లి_వకీలు:
రెండోసారి దొరికినవాడికైతే నేనూ అదే అంటాను. తొలిసారి, కిలో లోపు దొరికినవాడికి మాత్రం పార్లమెంటు 33లో మినహాయింపు రాయాలి.