ఓటు లేని మనకి కాంగ్రెస్‌మన్ పలుకుతాడా?

అందరికీ నమస్కారం. హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఈమధ్యే కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ వచ్చాను. వీసా స్టాంపింగ్ దగ్గర మా ఆవిడ పాస్‌పోర్టు 221(జి) అని, అంటే ఇంకా కాగితాలో పరిశీలనో కావాలని, ఆగిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. మా ఏరియా నుంచి అమెరికా దిగువ సభకు ఎన్నికైన కాంగ్రెస్‌మన్ ఆఫీసుకు ఫోన్ చేయమని ఆఫీసులో ఒకరన్నారు. ఓటు కూడా లేని మన మాట వాళ్ళు ఎందుకు వింటారు? అనవసరంగా గొడవలో పడతానేమోనని భయం.

జవాబు:

తమ్ముడూ, ముందు ఫోన్ చెయ్యి. ఏ గొడవా రాదు. ఇది వాళ్ళ ఆఫీసులు రోజూ చేసే పనే. దిగువ సభ (హౌస్) వెబ్‌సైట్‌లో నీ జిప్‌కోడ్ కొడితే మీ సభ్యుడి పేరు వస్తుంది. వాషింగ్టన్‌కి కాదు, మీకు దగ్గర్లో ఉన్న డిస్ట్రిక్ట్ ఆఫీసుకి చేసి కేస్‌వర్కర్ (ఇలాంటి కేసులు చూసే ఉద్యోగి) కావాలని అడుగు. ప్రైవసీ రిలీజ్ ఫారం పంపుతారు. ఆ సంతకం లేనిదే నీ ఫైలు గురించి ఎవరితోనూ మాట్లాడలేరు. కేసు నంబరు, ఇంటర్వ్యూ తేదీ, అడిగిన కాగితాలు, అవి ఇచ్చిన తేదీ అన్నీ ఒక్క పేజీలో వరసగా రాసి పెట్టు. బాధంతా రాయొద్దు, తేదీలు రాయి. వీసా ఇమ్మని ఆదేశించే అధికారం వాళ్ళకి లేదు. ఎక్కడ ఆగిందని అడిగి జవాబు రాబడతారు, అంతే. నీకిప్పుడు కావాల్సింది కూడా అదే కదా.

ఓటు లేదన్నావు. అలా అనుకుని ఊరుకోని మనిషి ఒకప్పుడు మీ రివర్‌సైడ్‌కే కాంగ్రెస్‌మన్. పేరు దలీప్ సింగ్ సౌంద్. అమృత్‌సర్ జిల్లాలో 1899లో పుట్టి, 1920లో బర్క్‌లీకి చదువుకోడానికి వచ్చారు. 1924లో గణితంలో పీహెచ్‌డీ తీసుకున్నారు. అంత చదివీ ఇంపీరియల్ లోయలో పత్తి ఏరే కూలీల మీద మేస్త్రీగా చేరాల్సి వచ్చింది. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు అమెరికా పౌరులు కాలేరని తేల్చేసింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు కాలిఫోర్నియాలో పొలం కొనకూడదని అప్పట్లో 1913 నుంచే చట్టం ఉండేది. మన గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడవైనా ఒక క్యూ అంటూ ఉంది. ఆయనకు అసలు తలుపే లేదు.

అయినా సభల్లో మాట్లాడారు, భారతీయుల్ని కూడగట్టారు, పౌరసత్వం కోసం పోరాడారు. న్యూయార్క్ నుంచి జె.జె. సింగ్ లాంటివాళ్ళూ అదే పనిలో ఉన్నారు. 1946 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ లూస్-సెల్లర్ చట్టం మీద సంతకం పెట్టాక భారతీయులు పౌరులయ్యే దారి తెరుచుకుంది. సౌంద్ 1949 డిసెంబరులో పౌరుడయ్యారు. మరుసటి ఏడే వెస్ట్‌మోర్లాండ్‌లో జడ్జి పదవికి గెలిచారు. పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు! 1952లో మళ్ళీ నిలబడి గెలిచారు. ఆ పోటీలో ఒకాయన, నువ్వు గెలిస్తే తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా అని నలుగురిలో ఎగతాళి చేశాడు. మనిషి తల మీద ఏముందో నాకు పట్టదు, లోపల ఏముందన్నదే చూస్తానని సౌంద్ బదులిచ్చారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

1956లో కాంగ్రెస్‌కి నిలబడ్డారు. అవతల రిపబ్లికన్ అభ్యర్థి జాక్వెలిన్ కోక్రన్, ధ్వని వేగాన్ని దాటిన మొదటి మహిళా పైలట్. దేశమంతా తెలిసిన పేరు, భర్త పెద్ద ధనవంతుడు. అయినా సౌందే గెలిచారు. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి ఆసియా సంతతి మనిషి ఆయనే. మూడుసార్లు గెలిచారు. 1962లో పక్షవాతం వచ్చి ప్రచారం చేయలేక ఆ ఎన్నిక ఓడిపోయారు, 1973లో కన్నుమూశారు. టెమెక్యులా వెళ్ళినప్పుడు చూడు, అక్కడ ఒక పోస్టాఫీసుకి ఆయన పేరే.

ఇంకో జవాబు:

అన్నగారు చెప్పినదానికి రెండు జాగ్రత్తలు కలుపుతాను. డీఎంవీలో (మోటారు వాహనాల ఆఫీసు) డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్ళినప్పుడు ఓటరుగా నమోదు చేయాలా అని అడుగుతారు. తొందరలో 'యెస్' కొట్టకండి. పౌరులు కానివాళ్ళు ఓటరుగా నమోదైతే తర్వాత గ్రీన్ కార్డుకే ఎసరు. అలాగే మన అసోసియేషన్ ఫంక్షన్లలో ఎవరైనా నాయకుడికి చందా అడిగితే, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం. సభలకు వెళ్ళొచ్చు, ప్రశ్న అడగొచ్చు, ఉత్తరం రాయొచ్చు. ఇక ఆ ప్రైవసీ రిలీజ్ ఫారం మీద మీ ఆవిడ సంతకం కూడా అడగొచ్చు, ఈ రాత్రే ఆమెతో మాట్లాడి పెట్టుకోండి.