పర్యావరణం పుస్తకాలు చదివి మనం చేసేదేంటి?

చాక్‌పీస్:
మాది ఇందుకూరుపేట వైపు చిన్న ఊరు. మా గ్రంథాలయానికి పాత విద్యార్థి ఒకాయన పుస్తకాలు కొనమని 12,000 రూపాయలు పంపాడు. అందులో సగం పెట్టి పర్యావరణం, వాతావరణ మార్పు మీద పుస్తకాలు కొందామని నేనన్నాను. ఇంగ్లీషువైతే నేనే చదివి నెలకోసారి తెలుగులో చెప్తానన్నాను. "అవి చదివితే రోహిణి కార్తె ఎండ తగ్గుద్దా మాస్టారూ?" అన్నాడు కమిటీలో ఒకాయన. అందరూ నవ్వారు. ఇక్కడ నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కొనాలా, వద్దా?

ఉప్పుటేరు:
వద్దు. గ్రూప్-2, డీఎస్సీ పుస్తకాలు కొనండి, నలుగురు పిల్లలు బాగుపడతారు. ఈ పర్యావరణం పుస్తకాలు చదివితే కనపడ్డ ప్రతివాడికీ తప్పులు చెప్పే జబ్బు పట్టుకుంటుంది. పోయిన సంక్రాంతికి మా బావమరిది కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఏసీ వేసిన కారులో కూర్చుని గంటసేపు ఫోను మాట్లాడాడు. తర్వాత దిగి, కంచం ముందు కూర్చుని, "మామయ్యా, వరి వల్ల మీథేన్ పుట్టి భూమి వేడెక్కుతోంది, తెలుసా?" అన్నాడు. మూడోసారి అన్నం పెట్టించుకుంటూ అన్నమాట అది. భూమిని తగలబెట్టింది మా తాతలంట!

ఒంగోలు గిత్త:
గ్రూప్-2 సిలబస్‌లో కూడా పర్యావరణం ఉంది కదన్నా 😀

చాక్‌పీస్:
ఉప్పుటేరు గారూ, ఒక్క పుస్తకం సంగతి చెప్తాను. రేచల్ కార్సన్ 1962లో రాసిన 'సైలెంట్ స్ప్రింగ్'. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆవరణలో ఎల్మ్ చెట్లకు తెగులొస్తే డీడీటీ కొట్టారు. ఆ ఆకులు రాలాక వానపాములు తిన్నాయి. వానపాముల్ని రాబిన్ పిట్టలు తిన్నాయి. తిన్నవి తిన్నట్టు గిలగిలా కొట్టుకుని చచ్చాయి. పిట్టల మీద ఎవరూ మందు కొట్టలేదు. ఇది తొమ్మిదో తరగతిలో చెబితే ఒక పిల్లవాడు లేచి, "మా చేలో గుళికలు చల్లిన మర్నాడు కొంగలు ఎందుకు చచ్చాయో ఇప్పుడు తెలిసింది సార్" అన్నాడు. 1972లో అమెరికా పంటల మీద డీడీటీ వాడకాన్ని నిషేధించిందంటే అందులో ఈ పుస్తకం పాత్ర చాలా ఉంది.

లెక్క ప్రకారం:
మాస్టారూ, అది పురుగుమందుల పుస్తకం. వాతావరణ మార్పు పుస్తకం కాదు. డీడీటీకీ రోహిణి కార్తె ఎండకీ సంబంధమేంటి?

చాక్‌పీస్:
రోహిణి కార్తె మాట నాది కాదు, నవ్వినాయనది! నేను రాసింది పర్యావరణం, వాతావరణ మార్పు అని. రెండూ.

లెక్క ప్రకారం:
రెండూ కలపడమే తప్పంటున్నా.

కనిగిరి నీళ్లు:
మా నాయనకి యాభై దాటకముందే నడుం వంగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. మా ఊళ్లో సగం మందికి పళ్లు పసుపే. ఎవరి పాపమో అనుకుంటూ బతికాం. మా అక్క హాస్టల్ నుంచి తెచ్చిన నాలుగు పేజీల కరపత్రంలో మొదటిసారి చదివాం, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే ఇట్లా అవుతుందని. అప్పటికి ఆయనకి చేయగలిగింది ఏమీ లేదు. మా పిల్లలకి మాత్రం ఆ నీళ్లు తాపలేదు. పుస్తకం దండగ అనేవాళ్లు ఒకసారి మా ఊరొచ్చి మా పెద్దాళ్లను చూసి మాట్లాడండి.

ఉప్పుటేరు:
మీ నాయన గురించి నేనేమీ అనను తమ్ముడూ. నేనడిగింది వరి గురించి. దానికి ఒక్కరూ సమాధానం చెప్పలేదు.

లెక్క ప్రకారం:
నేను చెప్తా. కయ్యలో నీళ్లు నిలబడితే మట్టికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి, అది ఎక్కువగా వరి దుబ్బుల గుండానే పైకి వస్తుంది. 100 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. కాబట్టి మీ బావమరిది కొడుకు చెప్పింది నిజమే. వరి మానేయమని ఎవరూ అనడం లేదు, నీళ్లు తడిపి ఆరబెట్టి మళ్లీ తడపమంటున్నారు. చిల్లులున్న పైపు ముక్క కయ్యలో పాతి, నీళ్లు నేలకింద 15 సెంటీమీటర్లకు దిగాక మళ్లీ పెట్టాలి. నీళ్లూ మిగులుతాయి.

ఉప్పుటేరు:
ఇదిగో, ఇందుకే పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట. ఆరబెట్టాక మళ్లీ పెట్టడానికి నీళ్లు నీ ఇంట్లో కుళాయి తిప్పితే వస్తాయా? మాది కాలువ చివర, రెండో తూము కింద. వంతు వచ్చేది వారానికోసారి. పైవాళ్లు రాత్రిపూట అడ్డం కడితే అదీ రాదు. ఈరోజు ఆరబెట్టి రేపు వంతు తప్పితే ఎడగారు పైరు ఎండిపోయినట్టే. ఆరితే గడ్డి మొలుస్తుంది, దాని కూలి ఎవడిస్తాడు? పైపు కనిపెట్టినాయన రెండో తూము కింద ఒక్క కారు పంట పండించి చూపమను.

పడుగుపాడు కట్ట:
2021 నవంబరులో పెన్నా పొంగి మా దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మా మేనత్త చెన్నైలో టీవీ చూసి కూడా నమ్మలేదు. అమితావ్ ఘోష్ 2016లో ఒక పుస్తకం రాశాడు, 'ద గ్రేట్ డిరేంజ్‌మెంట్' అని. ఆయన చదువుకునే రోజుల్లో, 1978లో, ఢిల్లీలో సుడిగాలిలో చిక్కుకున్నాడు. అన్ని నవలలు రాసినా దాన్ని ఒక్కదాంట్లోనూ పెట్టలేకపోయాడంట, కథలో చెబితే నమ్మశక్యంగా ఉండదని. అది చదివాక మా అత్త గుర్తొచ్చింది. కొనండి మాస్టారూ.

చాక్‌పీస్:
రెండో తూము అన్నావు కదా. ఇప్పుడర్థమైంది ఎవరో. చెప్పబ్బయా, నువ్వు అక్కడ వరి పెట్టి ఎన్నేళ్లయింది? ఎనిమిదేళ్లుగా ఉన్నవి రొయ్యల గుంటలు కాదూ? వరి రైతు బాధ నువ్వా చెప్పేది? నీ గుంటల పక్కనే నా రెండెకరాలు. ఎకరాకు మూడున్నర పుట్లు పండిన నేల. ఇప్పుడు ఎండాకాలం గట్టు మీద నడిస్తే కాలికింద ఉప్పు పెళపెళమంటుంది. పోయినేడు పుట్టి కూడా రాలేదు. పంట భూముల్ని రొయ్యల చెరువులు చేయకూడదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది పుస్తకంలో చదివే తెలుసుకున్నా. అందుకే నీకు పుస్తకాలంటే పడదు.

ఒంగోలు గిత్త:
అమ్మో

ఉప్పుటేరు:
అట్లా చెప్పండి. ఇది పుస్తకాల గొడవ కాదన్నమాట, నా గుంట గొడవ. కమిటీలో నవ్వింది కూడా నేనే, ఇప్పుడు తెలిసిందిగా. నాకింకా ముప్పావు ఎకరం వరి ఉంది, ఇంట్లోకి. మీకు నెల తిరిగేసరికి జీతం పడింది, ఇప్పుడు పెన్షన్ పడుతోంది. నాకు పుట్టి ధాన్యం అమ్మితే కోత మిషన్ బాడుగ పోను ఏం మిగిలేదో మీకు తెలుసా? మా ఆవిడ గాజులు పెట్టి గుంటలు తవ్వించా. మొదటి పంట నలభై రోజులకే వైట్ స్పాట్ తెగులు వచ్చింది. తెల్లారుజామున గుంట గట్టున టార్చి పట్టుకుని నిలబడితే రొయ్యలన్నీ అంచుకొచ్చి ఉన్నాయి, గుప్పెట్లోకి తీసుకుంటే పెంకు మీద తెల్లమచ్చలు. ఆ పొద్దు మీరు గట్టు మీదుగా నడిచి వెళ్లారు. ఏమైందబ్బయా అని ఒక్కమాట అడగలేదు. నెలలోపే నా మీద అర్జీ పెట్టారు.

లెక్క ప్రకారం:
మాస్టారు చెప్పిన 1996 తీర్పు నిజమే కానీ, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, రిజిస్టర్ చేయించుకుని తీరంలో రొయ్యలు పెంచుకోనిచ్చే చట్టం. దాన్ని వదిలేసి తీర్పు ఒక్కటే చెప్పడం సగం చదువు.

చాక్‌పీస్:
నువ్వు కాసేపు ఆగవయ్యా!
ఆ పొద్దు సంగతి నాకు నిజంగా తెలియదు. అర్జీ పెట్టింది నేనే, కాదనను. అంతకు ముందు రెండుసార్లు మనిషిని పంపాను, ఉప్పునీళ్లు నా చేలోకి ఊరకుండా మధ్యలో ఊట కాలువ తవ్వించమని. నువ్వు తవ్వించలేదు.

ఉప్పుటేరు:
పంపింది మీ తమ్ముణ్ణి. ఆయనతో నాకు మాటల్లేవని ఊరంతా తెలుసు. మీరు రావాల్సింది. సరే, ఇప్పుడు చెప్తున్నా. ఆ 12,000 పెట్టి జేసీబీ మాట్లాడండి, ఊట కాలువ తవ్విద్దాం. అన్ని పుస్తకాల కన్నా అదే పర్యావరణం.

చాక్‌పీస్:
అది గ్రంథాలయం డబ్బు. నీ గట్టుకు ఎట్లా పెడతారు? జేసీబీ బాడుగ సగం నేనిస్తా, సగం నువ్వు పెట్టు.

ఉప్పుటేరు:
కాలువకు పోయే నేల ఎవరి వైపు? అది చెప్పండి ముందు.

పడుగుపాడు కట్ట:
ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోండి సామీ.

ఒంగోలు గిత్త:
(తొమ్మిది రోజుల తర్వాత) మాస్టారూ, ఇంతకీ పుస్తకాలు కొన్నారా?

ఉప్పుటేరు:
కొనలేదు. ఆదివారం మీటింగ్‌కి నేనూ, మాస్టారూ తప్ప ఎవరూ రాలేదు. కోరం లేదు.