2009 నాటి ఇన్‌లైన్ స్కేట్స్: బేరింగులు మారిస్తే చాలా, కొత్తవి కొనాలా?

బరంపురం_ఆదివారం:
ప్లాస్టిక్ షెల్ ఫిట్‌నెస్ స్కేట్స్. 4 చక్రాలు, 76 మి.మీ., గట్టిదనం 80ఏ. 2009లో కొన్నవి, చాలా ఏళ్లుగా అటక మీద డబ్బాలోనే ఉన్నాయి. పైకి కొత్తవాటిలానే ఉన్నాయి గానీ చక్రం తిప్పితే గరగరలాడుతోంది. పాదం 26.5 సెం.మీ., బరువు 78 కిలోలు. తిరగాలనుకుంటున్నది తారు రోడ్డు మీద, ఎక్కువగా గోపాల్‌పూర్ వైపు. 16 బేరింగులూ మార్చేస్తే సరిపోతుందా? ఇప్పుడు 3 పెద్ద చక్రాలవి బాగా కనిపిస్తున్నాయి, తిరిగి మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తాయా?

కిమిడి_రోలర్ (పర్లాకిమిడి):
అన్నా, బేరింగుల మాట తర్వాత. ముందు షెల్ (బూటు బయటి గట్టి ప్లాస్టిక్ తొడుగు) చూడండి. దానికి వాడే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ వాడకపోయినా పాడవుతుంది. గాలిలో తేమ దాని అణువుల గొలుసును తెంపుతూ పోతుంది. మన తీరంలో తేమకి అటక మీద పెట్టింది భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది, కాలు పెట్టి బరువు వేశాకే విరుగుతుంది. చీలమండ దగ్గర కఫ్ (చీలమండ పైన చుట్టుకునే భాగం) తిరిగే బోల్టు, బకిల్ బిగించిన చోట్లు, మడమ కింద ఫ్రేమ్ (చక్రాలను పట్టి ఉంచే చట్రం) కలిసే చోటు, ఈ మూడింటినీ బొటనవేలితో గట్టిగా వంచి చూడండి. తెల్లటి పొడి రాలినా, జిగురుగా తగిలినా, వెంట్రుకంత పగులు కనిపించినా ఇక దాని మీద రూపాయి పెట్టకండి. చక్రాలూ అదే పదార్థం. పసుపు తిరిగి గాజులా మెరుస్తుంటే గట్టిపడ్డట్టే, మలుపులో పట్టు ఉండదు.

ఫ్రేమ్ కింద బోల్టులున్నాయా, రివెట్లున్నాయా అన్నది కూడా చెప్పండి. రివెట్లైతే ఫ్రేమ్ మార్చలేరు.

జయపురం_608:
షెల్ నిలబడితే బేరింగులు కడగొచ్చు. అవి 608 సైజు: లోపల 8, బయట 22, మందం 7 మి.మీ. మోటారు సామాన్ల కొట్టులోనూ దొరుకుతాయి. 4 మి.మీ. అలెన్ కీతో చక్రం విప్పి, బేరింగును తోసి తీసి, గుండుసూదితో దాని సీలు (పక్క మూత) ఎత్తండి. మూతున్న గాజు సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఊపండి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క. వానాకాలంలోనైతే నూనె బదులు కొంచెం గ్రీజు మేలు, తడిని ఆపుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తే ఉన్న గ్రీజు కూడా కరిగి పోతుంది, వారం తర్వాత మళ్లీ అదే గరగర. కొబ్బరినూనె అసలొద్దు. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టేది, మా కొరాపుట్ చలిలో బేరింగులో మైనంలా కూర్చుంటుంది.

కడిగాక కూడా గరగర తగ్గకపోతే గోళీలకి తుప్పు గుంటలు పడ్డట్టు. మార్చడమే. ఏబెక్ (బేరింగు గ్రేడు) అంకె పెద్దదని డబ్బు ఎక్కువ పెట్టకండి, అది తయారీలో కొలతల ఖచ్చితత్వానికి మాత్రమే. ఇంకొకటి: యాక్సిల్ బోల్టు బిగించగానే చక్రం ఆగిపోతే తప్పు బేరింగుది కాదు, రెండు బేరింగుల మధ్యలో ఉండే స్పేసర్ (చిన్న గొట్టం) పొట్టిదో, అసలు లేదో చూడండి.

బరంపురం_ఆదివారం:
ఎడమ స్కేట్‌లో కఫ్ బోల్టు చుట్టూ సన్న పగులు ఉంది. కింద రివెట్లే.

కిమిడి_రోలర్:
అయితే అవి వేసుకోవద్దు అన్నా. కొత్తది తీసుకునేటప్పుడు సాయంత్రం పూట, మీరు వాడే సన్న సాక్సు వేసుకుని, మడమ గోడకి ఆనించి నిలబడి పాదం కొలవండి. ఎక్కువ పొడవు వచ్చిన పాదం లెక్క. 265 మి.మీ. వస్తే మోండో (పాదం పొడవును బట్టి చెప్పే సైజు) 265 దగ్గర మొదలుపెట్టండి. నిటారుగా ఉన్నప్పుడు వేళ్లు ముందు గోడను తాకాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. రెండు సాక్సులు వేస్తే సరిపోయే సైజు మీది కాదు. మడమ లేస్తే బొబ్బలూ వస్తాయి, చీలమండ లోపలికీ పడుతుంది.

4×80 (80 మి.మీ. చక్రాలు నాలుగు), ఫ్రేమ్ పొడవు 243 మి.మీ. చుట్టుపక్కల, 165 మి.మీ. రెండు బోల్టుల మౌంటు (బూటుకి ఫ్రేమ్ బిగించే రెండు బోల్టుల మధ్య దూరం 165) ఉన్నది ఎంచుకోండి. తర్వాత ఫ్రేమ్ మార్చే వీలుంటుంది. మీరడిగిన 3 పెద్ద చక్రాల వాటి సంగతికొస్తే, 110 మి.మీ. చక్రంలో ఇరుసు నేల నుంచి 55 మి.మీ. ఎత్తు, 80లో 40. ఆ 15 మి.మీ. తేడా అలవాటు తప్పిన చీలమండ మీదే పడుతుంది. పైగా అలాంటి వాటిలో చాలావాటికి బ్రేకు ఉండదు. గరుకు రోడ్డు మీద పెద్ద చక్రం హాయిగా దొర్లుతుంది, నిజమే, కానీ మొదటి మూడు నెలలకి కాదు. మీ బరువుకి, మన తారుకి 82ఏ నుంచి 85ఏ మధ్య గట్టిదనం బాగుంటుంది.

రాయగడ_అక్క:
ఒక హెచ్చరిక. మన ఇన్‌లైన్ స్పీడ్ స్కేటర్ ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో ప్రపంచ విజేత అయ్యాక చాలామంది రేసు బూట్ల గురించే అడుగుతున్నారు. అవి చీలమండ కిందికే తెగే బూట్లు, 195 మి.మీ. మౌంటు. ట్రాక్ మీద సాధన చేసేవాళ్లకి అద్భుతం. మీకు పొడవు కఫ్, పాదం మీద 45 డిగ్రీల వాలుగా బిగించే పట్టీ ఉన్నవే కావాలి.

మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు చాలు. ముందు బ్రేకే సాధన చేయండి: బ్రేకున్న కాలు అర అడుగు ముందుకు జరపండి, మోకాళ్లు వంచి కుర్చీలో కూర్చున్నట్టు దిగండి, అప్పుడు వేళ్లు పైకి లేపండి. నిటారుగా నిలబడి మడమ తొక్కితే ముందుకి పడతారు. వెనక కాలు ఈడ్చి ఆపడం చాలామందికి అలవాటు, దానితో చక్రాలు ఓ పక్క చదునుగా అరుగుతాయి. ఎటూ లోపలి అంచే ముందు అరుగుతుంది కనుక 2 మి.మీ. వాలు కనిపించగానే ఎడమ కాలి 1వది కుడి కాలి 3లోకి, 2వది 4లోకి, అలాగే అటువి ఇటు, వాలిన అంచు బయటికి వచ్చేలా తిప్పి పెట్టండి.

గోపాల్‌పూర్‌లో బీచ్ దగ్గర దాకా వద్దు. గాలికి రోడ్డు మీద పరుచుకున్న సన్న ఇసుక మీద చక్రం పక్కకి జారుతుంది, ఉప్పూ ఇసుకా బేరింగులోకి దిగుతాయి. ఇన్‌లైన్‌లో ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు, కాబట్టి హెల్మెట్‌తో పాటు రిస్ట్ గార్డులు కూడా అదే ఆర్డర్‌లో పెట్టండి.