ముఖం నరం నొప్పికి మొదటి మాత్ర ఏది: కార్బమజెపైనా, ఆక్స్‌కార్బజెపైనా?

ప్రశ్న: 68 ఏళ్ళ ఆవిడ. పళ్ళు తోముకున్నా, చల్లగాలి తగిలినా కుడి బుగ్గలో కరెంటు కొట్టినట్టు క్షణాల పాటు నొప్పి. ట్రైజెమినల్ న్యూరాల్జియా (ముఖం నరం నొప్పి) అని తేలింది, ఎంఆర్‌ఐలో గడ్డ లేదు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఐబుప్రోఫెన్, ట్రమడాల్ పనిచేయలేదు.

న్యూరో_వార్డు: అవి పనిచేయకపోవడం మామూలే. ఇక్కడ నరం ఊరికే మంటలు పుట్టిస్తోంది, నరంలో సంకేతాలు పుట్టించే సోడియం చానెళ్ళను అణిచే మందు కావాలి. నా ఓటు కార్బమజెపైన్‌కే. 1960ల నుంచీ వాడుకలో ఉంది, ధర తక్కువ. 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత. మూడు రోజులకోసారి 100 పెంచుకుంటూ పోతే చాలామందికి రోజు మొత్తం 400–800 మి.గ్రా. మధ్య ఊరట వస్తుంది. గుండెలో ఏవీ బ్లాక్ (పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం సరిగా అందకపోవడం) ఉంటే మాత్రం ఇవ్వకూడదు, ముందు ఈసీజీ తీయాలి.

మాత్రల_మాధవి: ఆ వయసులో తూలి పడతారండీ. ఆక్స్‌కార్బజెపైన్‌తో మగత తక్కువ, మిగతా మందులతో పేచీ కూడా తక్కువ. 150 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టొచ్చు. తర్వాత మారాలన్నా లెక్క తేలికే: 200 మి.గ్రా. కార్బమజెపైన్‌కు బదులు సుమారు 300 మి.గ్రా. ఇది.

ఫార్మసీ_కిటికీ: మాధవి గారూ, బీపీ మాత్రలోని ఆ థయాజైడ్‌ను (హైడ్రోక్లోరోథయాజైడ్) మరిచారు. అది రక్తంలో సోడియం తగ్గిస్తుంది, ఆక్స్‌కార్బజెపైన్ కార్బమజెపైన్ కంటే ఎక్కువగా తగ్గిస్తుంది. రెండూ కలిస్తే ఆవిడకు తికమక, వాంతులు, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ముందు సోడియం చూడాలి, రెండు వారాలకు మళ్ళీ చూడాలి. థయాజైడ్ తీసేసి మరో బీపీ మందు అమ్లోడిపిన్ ఇద్దామంటే అక్కడా చిక్కే: కార్బమజెపైన్ కాలేయాన్ని ఉరికించి అమ్లోడిపిన్‌ను త్వరగా కరిగించేస్తుంది, బీపీ పెరుగుతుంది. టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచి బీపీ గమనించడం నయం.

న్యూరో_వార్డు: ఆ మాట ఒప్పుకుంటాను. థయాజైడ్ ఆపాకే ఏదైనా. దద్దుర్లు మరో సంగతి. స్టీవెన్స్–జాన్సన్ (చర్మం, నోరు ఊడిపోయే ప్రమాదకర మందు రియాక్షన్) ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది. వీలైతే ఆ ముప్పును ముందే చెప్పే జన్యు పరీక్ష, హెచ్‌ఎల్‌ఏ-బి 1502, చేయించాలి. నోట్లో పుండ్లు, జ్వరం, ఒంటిమీద ఎర్రటి మచ్చలు కనపడగానే మందు ఆపి ఆస్పత్రికి. ఒక మందుకు దద్దుర్లొస్తే రెండోదానికి మారడం సురక్షితం కాదు, నలుగురిలో ఒకరికి మళ్ళీ వస్తాయి.

దంత_విభాగం: పన్ను నొప్పి అనుకుని మంచి పళ్ళు పీకించుకున్నవాళ్ళు ఈ జబ్బులో ఎందరో. ఒకవేళ నిజంగానే చీము పట్టినా, కార్బమజెపైన్ మీద ఉన్నవాళ్ళకు క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌లు రాయొద్దు. రక్తంలో కార్బమజెపైన్ మోతాదు పెరిగి తల తిరగడం, ఒకటి రెండుగా కనపడటం మొదలవుతాయి. పెన్సిలిన్ పడేవాళ్ళకు అమాక్సిసిలిన్ చాలు.

మాత్రల_మాధవి: రక్తంలో సోడియం 135 (లీటరుకు మిల్లీమోల్స్) పైన ఉండి, థయాజైడ్ ఆగితే నేను ఇప్పటికీ ఆక్స్‌కార్బజెపైనే అంటాను. అంతకంటే తక్కువుంటే కార్బమజెపైన్, అదీ 100 మి.గ్రా.తో రాత్రిపూట మొదలు. అక్కడా సోడియం పరీక్ష తప్పదు.